కొండెక్కే కమాన్లు

బొర్రా దగ్గర జీపెక్కి కటికి జలపాతానికి వెళ్లినవాళ్లు ఆ నీటి హోరును మర్చిపోయినా దారిలో కుదుపుల్ని మాత్రం మర్చిపోరు. రాళ్ల మీదా వాగుల్లోనూ ఆగకుండా సాగే ఆ బండ్ల సత్తా ఇంజిన్‌లోనే ఉందనుకుంటే పొరపాటు. సగం కథ బండి కింద, నాలుగు మూలలా కట్టగా బిగించిన ఇనుప పట్టీల్లో ఉంది. అరకు మన్యంలో ఒక్క అంగుళం ఎత్తు కోసం జరిగే కసరత్తు అంతా ఇంతా కాదు!

బొర్రా గుహలు చూసి బయటికొచ్చినవాళ్లలో చాలామంది తరవాత అడిగేది కటికి జలపాతం గురించే. గోస్తనీ నది కొండ మీంచి దూకే చోటది. అప్పటిదాకా సొంత కారులో హాయిగా వచ్చినవాళ్లు కూడా దాన్ని ఓ చెట్టు కింద వదిలేసి జీపెక్కుతారు. ఎందుకో తారు రోడ్డు దిగగానే అర్థమవుతుంది. ఎదురుగా బుట్టంత రాళ్లు. వాటి మధ్య వాన నీరు కోసిన గాళ్లు. ఓ చక్రం రాయెక్కితే ఇంకో చక్రం గోతిలో ఉంటుంది. లోపల కూర్చున్నవాళ్లు పక్కవాళ్ల ఒళ్లో పడి, నవ్వుకుని, మళ్లీ పడి... ‘ఇది వెళ్తుందా బాబూ?’ అని అడిగేలోపే జీపు ఆ రాయి దాటేసి ఉంటుంది.

పర్యాటకులకు అదో సరదా. ఆ సరదా అయిపోయాక వాళ్లు కారెక్కి విశాఖ వెళ్లిపోతారు. జీపు మాత్రం అక్కడే ఉంటుంది. అనంతగిరి, డుంబ్రిగుడ, హుకుంపేట, ముంచంగిపుట్టు, పెదబయలు... ఈ మండలాల్లో కొండ మీది ఊళ్ల నుంచి పసుపు, అల్లం, పిప్పళ్లు, రాజ్‌మా, కాఫీ గింజల బస్తాలు సంతకు రావాలంటే జీపే దిక్కు. సంతలో కొన్న ఉప్పూ పప్పూ బట్టలూ తిరిగి కొండెక్కాలన్నా అదే దారి. తెల్లారి కోళ్లతో, బస్తాలతో, మనుషులతో కిక్కిరిసి దిగిన బండి సాయంత్రానికి ఇద్దరు ముగ్గురితో తేలిగ్గా తిరిగి వెళ్లొచ్చు. ఒకే బండి ఈ రెండు పనులూ చేయాలి. చిక్కంతా అక్కడే మొదలవుతుంది.

పట్టీల కింద బతుకు

కమాను అంటే విల్లు. ఫార్సీ నుంచి ఉర్దూ మీదుగా మన మెకానిక్కుల నోట్లోకి వచ్చిన మాట. పేరుకు తగ్గట్టే విల్లులా వంపు తిరిగిన ఉక్కు పట్టీలు అవి. అన్నిటికన్నా పొడవైనది మెయిన్ పట్టీ. దాని రెండు కొసల్నీ చెవుల్లా చుట్టి, వాటిలోంచి పిన్నులు దూర్చి చాసీకి తగిలిస్తారు. దాని కింద ఒకదానికన్నా ఒకటి పొట్టిగా మిగతా పట్టీలు పేరుస్తారు. మధ్యలో సెంటర్ బోల్టు, ఇరుసుకు కట్టి ఉంచడానికి యూ బోల్టులు. అంతే... కమాను కట్ట తయారు!

చక్రం రాయెక్కినప్పుడు కట్ట సాగి నిటారవుతుంది. దిగగానే మళ్లీ వంగుతుంది. పట్టీ సాగినప్పుడు దాని పొడవు పెరిగినట్టవుతుంది కదా, ఆ తేడాను సర్దుకోవడానికే ఓ కొసన ఊగే లింకు ఉంటుంది. దాన్నే షాకిల్ అంటారు. పట్టీలు ఒకదాన్నొకటి రాసుకోవడం వల్ల ఊపు కొంత దానంతటదే తగ్గుతుంది. మిగతాది షాకబ్జర్లు చూసుకుంటాయి.

ఈ ఏర్పాటు జీపుతో పుట్టింది కాదు. గుర్రపు బగ్గీల నాటిది. మన జట్కా బండ్ల కిందా ఇవే ఉండేవి. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో, 1941లో అమెరికా సైన్యం కోసం విల్లీస్ జీపు తయారైనప్పుడు నాలుగు మూలలా కమాన్లే పెట్టారు. 1940ల చివర్లో మహీంద్రా సంస్థ బొంబాయిలో ఆ జీపుల్ని బిగించడం మొదలుపెట్టాక అదే వంశం మనదాకా వచ్చింది. ఆ తరవాత వచ్చిన కమాండర్ అయితే ఏజెన్సీలో ఓ వెలుగు వెలిగింది. ఇప్పుడా బండి తయారు కావడం లేదు. ఉన్నవాటికే కొత్త పట్టీలు, కొత్త బుష్షులు వేసుకుంటూ నడిపిస్తున్నారు.

కొత్త బండ్లు రాలేదా అంటే... వచ్చాయి. 2010లో వచ్చిన థార్‌కు వెనక కమాన్లున్నాయి. 2020లో మారిన థార్‌కు ముందూ వెనకా చుట్ట స్ప్రింగులే. కూర్చున్నవాళ్లకు సుఖం పెరిగింది. అయితే కమానుకు ఇంకో గుణం ఉంది. అది బరువును మోయడమే కాదు, ఇరుసును అటూ ఇటూ జరగకుండా పట్టుకుని ఉంచేదీ అదే. అందుకే వేరే కడ్డీలూ లింకులూ అక్కర్లేదు. ఓ పట్టీ విరిగితే దాన్ని తీసి ఇంకోటి వేయడానికి సుత్తి, స్పానర్లు, జాకీ చాలు. సరకు మోసే బొలెరో పికప్‌లకు ఇప్పటికీ వెనక కమాన్లు ఉన్నాయంటే కారణం ఇదే.

ఎత్తు పెంచే దారులు

ఏళ్ల తరబడి బరువు మోసిన కమాను వంపు కోల్పోయి కిందికి దిగిపోతుంది. దారి మాత్రం ఏటేటా వానలకు ఇంకా లోతవుతుంది. అప్పుడు బండిని పైకి లేపాలి. దీనికి గ్యారేజీల్లో దారులు చాలానే ఉన్నాయి. ఒక్కోదానికీ ఒక్కో లాభం, ఒక్కో నష్టం.

మొదటిది, అన్నిటికన్నా చవకైనది... కట్టలో ఓ పట్టీ అదనంగా వేయడం. అంగుళమో, అంగుళంన్నరో ఎత్తు వస్తుంది. బస్తాలు వేసినా కట్ట కుంగదు. కానీ అంతకుముందు మెత్తగా వంగే కట్ట బిర్రబిగుసుకుపోతుంది. నిండా మనుషులుంటే తెలియదు. ఖాళీగా వస్తే మాత్రం ప్రతి రాయీ నేరుగా నడుముకు తగులుతుంది.

రెండోది పాత పట్టీలకు మళ్లీ వంపు కొట్టించడం. పట్టీలు విడదీసి, సుత్తితో ఒక్కో అంగుళం దగ్గరా కొడుతూ వెనకటి వంపు తెప్పిస్తారు. బయటికి కొత్తదానిలా కనిపిస్తుంది. కానీ ఉక్కుకు అలసట ఉంటుంది. సరిగ్గా కాల్చి, చల్లార్చి, పదును పెట్టకుండా ఊరికే కొడితే కొన్నాళ్లకే మళ్లీ కుంగుతుంది. లేదంటే విరుగుతుంది.

మూడోది పొడవాటి షాకిళ్లు. ఇక్కడో చిన్న లెక్కుంది. షాకిల్ పొడవు రెండంగుళాలు పెంచితే బండి లేచేది ఒక్క అంగుళమే. కట్టకు రెండో కొస కదలదు కాబట్టి మధ్యలో ఉన్న ఇరుసు దగ్గరికి వచ్చేసరికి సగమే మిగులుతుంది. పైగా ముందు వైపు ఇలా చేస్తే ఇరుసు కూర్చునే కోణం మారిపోతుంది. స్టీరింగ్ తిప్పి వదిలితే తనంతట తాను నేరుగా రావాల్సిన చక్రం అటూ ఇటూ తచ్చాడుతుంది. ఘాట్ రోడ్డులో అది మంచిది కాదని వేరే చెప్పాలా!

నాలుగోది ఇరుసుకూ కమానుకూ మధ్య ఇనుప దిమ్మె పెట్టి పొడవాటి యూ బోల్టులతో బిగించడం. కమాను మెత్తదనం పోదు, ఖర్చూ తక్కువే. అయితే ఇది వెనక ఇరుసుకే. ముందు ఇరుసుకు దిమ్మెలు పెట్టకూడదు. బ్రేకు తొక్కినప్పుడు బరువంతా ముందుకు తోస్తుంది. ఆ మెలికకు దిమ్మె జారిందంటే స్టీరింగ్ చేతిలో ఉండదు.

ఐదోది పెద్ద ఆపరేషన్. పాత విల్లీస్ వంశపు జీపుల్లో కమాను కట్ట ఇరుసుకు కింద ఉంటుంది. దాన్ని తీసి ఇరుసుకు పైన పెడితే ఒక్కసారిగా నాలుగైదు అంగుళాలు లేస్తుంది. సరదాగా కొండలెక్కే పోటీల వాళ్లకు ఇదంటే మోజు. కానీ కొత్త సీట్లు వెల్డింగ్ చేయాలి. స్టీరింగ్ కడ్డీలు మార్చాలి. ప్రొపెల్లర్ షాఫ్టు వాలు పెరిగి దాని క్రాసులు త్వరగా అరుగుతాయి. బ్రేకు గొట్టాలు చాలవు. ఎత్తు ఎక్కేటప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఇరుసు మెలి తిరిగి, కమాను పాములా వంకర్లు పోతుంది. రోజూ మనుషుల్ని మోసే బండికి ఇది పనికొచ్చే పని కాదు.

అసలు అడ్డం ఎక్కడ?

ఇంత కష్టపడి బండిని పైకి లేపాక కూడా రాయి తగులుతూనే ఉంటుంది. ఎక్కడ? వెనక ఇరుసు మధ్యలో కడుపులా ఉబ్బి ఉండే డిఫరెన్షియల్‌కు. జీపు మొత్తంలో నేలకు అన్నిటికన్నా దగ్గరగా ఉండేది సాధారణంగా అదే. కమాను ఎంత పెంచినా లేచేది చాసీ, బాడీ మాత్రమే. ఇరుసు చక్రాలతో పాటే ఉంటుంది కాబట్టి అది అంగుళం కూడా కదలదు!

దాన్ని పైకి లేపగలిగేది టైరు ఒక్కటే. అందులోనూ సగం లెక్కే. టైరు నిలువు కొలత రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది ఒక అంగుళం. మరి కమాను ఎందుకు పెంచాలి? ఆ పెద్ద టైరు గోతిలో పైకి లేచినప్పుడు బాడీకి తగలకుండా చోటు కావాలి. ముందు బంపరు గట్టుకు గుద్దుకోకూడదు. పొడవైన కమాండర్ లాంటి బండ్ల పొట్ట మిట్ట మీద కూర్చోకూడదు. ఇందుకే ఆ ఎత్తు. ఇవన్నీ తెలిసిన డ్రైవరు డిఫరెన్షియల్‌ను రాయి మీదికి తీసుకెళ్లడు. చక్రాన్నే రాయి మీదికి ఎక్కిస్తాడు. కొత్తగా నేర్చుకునేవాళ్లు రాయిని రెండు చక్రాల మధ్యకు తీసుకుంటారు. అనుభవం ఉన్నవాళ్లు రాయిని చక్రం కిందికి తీసుకుంటారు. ఏ మెకానిక్కూ అమ్మలేని ఎత్తు అది.

అంగుళానికో మూల్యం

కొండ దారిలో ఎత్తంటే భయం కూడా ఉంది. పాత జీపుల్లో ఎడమ చక్రానికీ కుడి చక్రానికీ మధ్య దూరం దాదాపు నాలుగడుగులే. ఓ లెక్క వేసి చూద్దాం. బండి బరువు కేంద్రం నేలకు రెండడుగుల ఎత్తులో ఉందనుకుంటే, పక్కకు 45 డిగ్రీలు ఒరిగేదాకా అది పడదు. ఆ కేంద్రం నాలుగంగుళాలు పైకి జరిగిందా... 41 డిగ్రీలకే పడిపోతుంది. అదే టాపు మీదికి మనుషులూ బస్తాలూ ఎక్కి కేంద్రం మూడడుగులకు చేరితే 34 డిగ్రీలే!

అంటే కమాన్లు పెంచడం కన్నా టాపు మీద ఎక్కించడమే ఎక్కువ ప్రమాదమన్నమాట. పైగా ఇది కదలకుండా నిలబడిన బండి లెక్క. మలుపులో వేగం తోడైతే ఆ కాస్త వాలు కూడా అక్కర్లేదు. ఎత్తు పెంచిన బండి, టాపు నిండా జనం, వానకు జారే ఎర్రమట్టి... ఈ మూడూ ఒక్కచోట కలవకూడదు. కానీ సంత రోజు సాయంత్రం ఇంకో బండి లేదంటే ఎవరు మాత్రం దిగి నడుస్తారు? ఊరు పది కిలోమీటర్లు పైన ఉంటుంది. చీకటి పడుతూ ఉంటుంది.

చట్టం కూడా ఊరుకోదు. తయారీదారు ఇచ్చిన నిర్మాణాన్ని ఇష్టం వచ్చినట్టు మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం కుదరదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే మాట గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టానికి చేసిన సవరణతో, అనుమతి లేకుండా బండి రూపం మార్చిన యజమానికి ఒక్కో మార్పుకూ ఐదు వేల రూపాయల జరిమానా గానీ ఆరు నెలల దాకా జైలు గానీ పడొచ్చు. అరిగిపోయిన కమాను తీసి కంపెనీ కొలతలతో కొత్తది వేయడం మరమ్మతు. ఇరుసు మీదికి ఎక్కించడం మార్పు. ఈ తేడా తెలుసుకోవాలి.

బస్తా వేరు... బాలింత వేరు

ఇదంతా ఇనుము సంగతే అయితే గ్యారేజీ గుమ్మం దగ్గరే ముగిసిపోయేది. కానీ మన్యంలో జీపుకు ఇంకో పని ఉంది.

రోడ్డు లేని కొండ మీద గర్భిణికి నొప్పులొస్తే కర్రకు దుప్పటి కట్టి డోలీలో మోసుకురావడం ఇక్కడ పాత కథ కాదు. పేపర్లలో ఆ ఫొటోలు ఇప్పటికీ కనిపిస్తాయి. 2005లో రాష్ట్రంలో 108 సేవలు మొదలయ్యాయి. అంబులెన్సు ఎక్కలేని దారుల కోసం 2018లో బైకులకు తొట్టె తగిలించి ఫీడర్ అంబులెన్సులు తెచ్చారు. అయినా అన్ని ఊళ్లకూ అన్ని వేళలా అవి చేరలేవు. చాలా చోట్ల డోలీ ఎక్కడ దిగుతుందో అక్కడ జీపు మొదలవుతుంది. జీపు ఎక్కడ ఆగుతుందో అక్కడ 108 ఎదురుచూస్తుంది.

ఇప్పుడు కమాను కట్ట వైపు మళ్లీ చూడండి. ఇరవై బస్తాలకు కుంగకూడదని అదనంగా వేసిన పట్టీ, వెనక ఓ గర్భిణి, పక్కన తల్లి మాత్రమే ఉన్నప్పుడు అసలు వంగదు. బస్తాకు నొప్పి తెలియదు. ఆమెకు ప్రతి రాయీ తెలుస్తుంది. బండికి బలం ఇచ్చిన పట్టీయే మనిషికి బాధ అవుతుంది. ఎక్కువ ఎత్తు, ఎక్కువ పట్టీలు ఉన్న బండే మంచి బండి అనుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఇక్కడే.

దీనికి లారీల వాళ్లు ఎప్పుడో ఓ ఉపాయం కనిపెట్టారు. మామూలు కట్టకు పైన హెల్పర్ కట్ట అని ఇంకోటి పెడతారు. బరువు లేనప్పుడు అది దేనికీ తగలకుండా ఊరికే ఉంటుంది. బరువు పడి కింది కట్ట కుంగినప్పుడు మాత్రం వచ్చి ఆనుతుంది. ఖాళీగా ఉంటే మెత్తన, నిండితే గట్టి! దాంతోపాటు రెండు మూడు మందపు పట్టీల బదులు పలచటి పట్టీలు ఎక్కువ వేస్తే అంతే బరువును మెత్తగా మోస్తుంది. పట్టీల మధ్య చేరిన మట్టి కడిగి, గ్రాఫైటు గ్రీజు పూసి, అరిగిన బుష్షులు మార్చినా చాలు... తుప్పు పట్టి ఒకదానికొకటి అతుక్కుపోయిన కట్ట మళ్లీ వంగడం నేర్చుకుంటుంది. ఎత్తు పెంచడానికి ముందు చేయాల్సిన పని ఇదే. చాలా బండ్లకు ఆ తరవాత ఎత్తు పెంచే అవసరమే ఉండదు.

పైకి లేవాల్సింది దారి

2022 ఏప్రిల్ 4న పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా ఏర్పడింది. రాజమహేంద్రవరం నుంచి పాడేరు, అరకు మీదుగా విజయనగరం వైపు వెళ్లే 516ఈ జాతీయ రహదారి ఈ కొండల్లోంచే సాగుతుంది. ఆదిమ గిరిజన తెగల ఆవాసాల కోసం 2023 నవంబరులో కేంద్రం పీఎం జన్‌మన్ పథకం మొదలుపెట్టింది. అందులో రోడ్లూ ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో రాష్ట్ర ప్రభుత్వం డుంబ్రిగుడ మండలం పెదపాడులో ‘అడవితల్లి బాట’కు శంకుస్థాపన చేసింది. సుమారు వెయ్యి కోట్ల రూపాయలతో 625 గిరిజన ఆవాసాలకు దారి వేయాలన్నది లక్ష్యం.

ఆ దారులన్నీ పూర్తయి, వానలకు కొట్టుకుపోకుండా నిలబడితే జీపులకు ఇంత ఎత్తు అక్కర్లేదు. కటికి దారిలో సరదా కాస్త తగ్గుతుందేమో గానీ, కొండ మీది తల్లికి ప్రయాణం సుఖమవుతుంది. అందాకా పట్టీలు విరుగుతూనే ఉంటాయి.

విరిగిన పట్టీ కూడా ఇక్కడ వృథా పోదు. కమాను ఉక్కు అంటే కమ్మరికి ప్రాణం. కొలిమిలో కాల్చి సాగదీస్తే గొడ్డలవుతుంది, కొడవలవుతుంది, కత్తవుతుంది. మామూలు ఇనుముకన్నా పదును ఎక్కువ రోజులు నిలుస్తుంది. ఏళ్ల తరబడి మనుషుల్ని కొండెక్కించిన పట్టీ చివరికి ఆ మనిషి చేతిలో కత్తిగా పొలానికి వెళ్తుంది. ఈసారి అరకు వైపు వెళ్లినప్పుడు సంతలో అలాంటి కత్తి కనిపిస్తే ఓసారి చేత్తో పట్టుకుని చూడండి... బరువు తెలుస్తుంది!

ఇలా వెళ్లొచ్చు

విశాఖపట్నం నుంచి అరకు దాదాపు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట, అనంతగిరి మీదుగా ఘాట్ రోడ్డు ఉంది. కిరండూల్ రైల్లో వెళ్తే బొర్రా గుహలు స్టేషన్లో దిగొచ్చు. గుహల దగ్గర కటికి జలపాతానికి జీపులు దొరుకుతాయి. చివర్లో కొంత దూరం నడవాలి. ఎక్కేముందు రానూపోనూ ఎంతో, బండిలో ఎంతమందో మాట్లాడుకోండి. టాపు మీద కూర్చోవద్దు, పిల్లల్ని అసలే కూర్చోబెట్టొద్దు. జోరు వానల్లో ప్రయాణం మానుకోవడమే మేలు. వీలైతే ఓసారి వంగి బండి కిందికి చూడండి. కమాను పట్టీ విరిగి ఉన్నా, కట్ట ఓ వైపు ఒరిగి ఉన్నా ఇంకో బండి చూసుకోండి.